నేతవీధి లేని ప్లాను

21 ఆగస్టు 1979, మంగళవారం. తిరుపతి.

పుత్తూరు దగ్గర ఊరి బయట మా శాఖ తరఫున మేం కట్టించిన షెడ్లలోకి నేతగాళ్లు ఇంకా రావడం లేదు. మగ్గాలన్నీ ఒకచోట చేరితే నూలు, రంగు, బేరగాళ్లు అక్కడికే వస్తారు, ఈ ప్రాంతమంతా బాగుపడుతుందని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఎందుకు రారో తేల్చుకుందామని పొద్దున మొదటి బస్సుకే వాళ్ల వీధికి వెళ్లాను.

వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్నారు. పడుగు మునస్వామి అనే ముసలి నేతగాడొక్కడిదే. పట్టింది మాత్రం వీధి వీధంతా. ఎండ ముదిరేలోపు ముగించాలట. ఆ ముసలాయన నా చేతికీ ఒక కొస ఇచ్చాడు.

"షెడ్లు బాగుండాయి సార్. ఇంత పడుగు పరిచేదానికి ఆడ వీధి యాడుండాది? పిలిస్తే పలికే పక్కిల్లు యాడుండాది?"

కొస పట్టుకునే మా ప్లాను గుర్తు చేసుకున్నాను. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య గోడ పెట్టాం. లారీ తిరగడానికి మలుపులు పెట్టాం. తిన్నని వీధి ఒక్కటి పెట్టలేదు.

రేపటి రిపోర్టులో "నేతగాళ్లు సహకరించడం లేదు" అని నిన్ననే రాసిపెట్టాను. ఇప్పుడు కొట్టేశాను. దాని చోట ఏం రాయాలో తోచడం లేదు.

ఇదే ప్లాను, నా సంతకంతోనే, నగరి వైపు ఇంకో ఊరికి కూడా పంపాను. అక్కడ పునాదులు తవ్వుతున్నారట.