టోపీ కూర్చున్న సీటు

బావగారికి,

మీ పాత స్పోర్ట్స్ కారు లోపలున్న వింత భాగాలు, కంపెనీవాళ్లు అమ్మకానికి ముందు తయారుచేసుకున్న నమూనాలేనని ఆదివారం జరిగే పాత కార్ల పోటీకి రాసిమ్మన్నారు. ఆ కారు మీద వచ్చిన పుస్తకాలన్నీ చదివాను. ఎక్కే యోగం లేనివాడికి చదవడమే మిగిలింది.

గేరు కడ్డీ మీది చెక్క గుండు నమూనా కాదు. అది మా మంచం కోడుది. మీరు మా ఇంట్లో పడుకుని వెళ్లినప్పటి నుంచీ కనిపించలేదు. డ్యాష్‌బోర్డు మీది అపురూపమైన గడియారం అక్కయ్య వంటింటిది. నూనె మరక ఇంకా పోలేదు.

నిజమైన నమూనా ఒక్క యాష్‌ట్రేయే. కంపెనీ అమ్మిన కార్లలో అది అగ్గిపెట్టెంత ఉంటుంది. మీదానికి గిన్నెంత లోతు, పైన మూత, అడుగున చేత్తో చెక్కిన నంబరు ఉన్నాయి. "దరిద్రంగా ఉందిరా, నీ కట్టుడు పళ్లు పెట్టుకో" అని పదిమందిలో నా ఒళ్లో పడేశారు. అప్పటినుంచీ రాత్రిళ్లు అవి అందులోనే పడుకుంటున్నాయి.

కారు కొన్న కొత్తలో "ఒక్కసారి ఎక్కించుకోండి బావా" అని అడిగాను. "రెండే సీట్లురా పుస్తకాల పురుగూ. ఒకటి నాకు, రెండోది నా టోపీకి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్లో నా పళ్లు నావే.

ఆదివారం ఆ టోపీని దింపి నన్ను ఎక్కించుకోండి. పళ్లు పెట్టుకుని, ఖాళీ యాష్‌ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. టోపీయే వస్తే మాత్రం, ఆ రోజు నేను పళ్లు పెట్టుకోను. అవి యాష్‌ట్రేలోనే పడుకుంటాయి.

గడియారం సంగతి అక్కయ్యకు ఇంకా చెప్పలేదు.

మీ బావమరిది