కంప్యూటర్ లైసెన్సులపై ఆకాశరామన్న అర్జీ వాపసు

ఏలూరు,
జూలై 2007.

శ్రీయుత పోలీసు డివిజనల్ అధికారి గారి సముఖానికి, పవర్‌పేట నివాసి, రైల్వే పార్సిల్ ఆఫీసు విశ్రాంత గుమాస్తా వేమవరపు ప్రసాదరావు రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నజ్నీన్ కంప్యూటర్ సెంటరుపై గత నెలలో ఆకాశరామన్న పేరిట అందిన ఫిర్యాదును వాపసు తీసుకొనుట, స్వాధీనపరచుకున్న ఎనిమిది కంప్యూటర్లను విడుదల చేయించుట గురించి.

1. సదరు ఫిర్యాదు రాసింది నేనే. సంతకం పెట్టలేదు. అక్షరాలు గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాశాను.

2. కారణం విన్నవిస్తున్నాను. ఆ సెంటరు నడుస్తున్న హాలులో ఇదివరకు మా పఠన మందిరం ఉండేది. దానికి కార్యదర్శిని నేను. భవన యజమాని కనకరత్నం గారు మమ్మల్ని ఖాళీ చేయించి హాలు నజ్నీన్ అనే ఆ అమ్మాయికి అద్దెకిచ్చారు. పుస్తకాలు గోనెసంచుల్లోకెక్కి మెట్ల కిందికి చేరాయి. సభ్యుల్లో ఒక్కరూ నోరెత్తలేదు. వారిలో సగంమంది ఫ్యాను కింద కునుకు తీయడానికీ, తక్కినవారు పేపర్లో రాశిఫలాలు చూసుకోవడానికీ వచ్చేవారన్న సంగతి రికార్డులో ఉండాలని మనవి. నా కోపం కనకరత్నం గారి మీద. ఆయనకు భవనాలున్నాయి, పలుకుబడి ఉంది. అందుకని ఆ అమ్మాయి మీద రాశాను.

3. ఫిర్యాదులో నేను చేసిన ఆరోపణలు ఇవి: ఒకే సాఫ్ట్‌వేర్ డిస్కును ఎనిమిది కంప్యూటర్లలోనూ ఎక్కించారు, కనుక ఏడు దొంగవి. ఆ డిస్కు కవరు మీద కొత్త కంప్యూటరుతో కలిపి మాత్రమే అమ్మాలని ఉండగా అది విడిగా బల్లమీద కనిపించింది. బజారు ధరలో సగానికి వచ్చిందని ఆ అమ్మాయే అందరికీ చెబుతోంది, కనుక అక్రమ సరుకు. అదిగాక, హోమ్ ఎడిషన్ అని స్పష్టంగా ఉన్నదాన్ని ఇంట్లో గాక బజారులో వాడుతున్నారని రాశాను. ఆ చివరి వాక్యం రాసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

4. కిటికీలోంచి చూసింది చూసినట్టే రాశాను గాని, తెలిసి రాయలేదు. కంప్యూటర్లను రిక్షాలకెత్తి తీసుకుపోయాక, పరామర్శించే నెపంతో నజ్నీన్ ఇంటికి వెళ్లాను. ఆమె తన ఇంట్లో ఉన్న కంప్యూటరును గోడవైపు నుంచి ఇటు తిప్పి, వెనక అంటించిన స్టిక్కరు చూపించింది. వాడుకునే హక్కు దానిమీది అంకెలతో వస్తుందట. డిస్కు పని ఎక్కించడం వరకే.

“స్టేషన్‌కి రైలు ఒకటే వస్తుంది కదా బాబాయిగారూ. ఎక్కినవాళ్ల టిక్కెట్లు ఎవరివి వాళ్ల దగ్గరుంటాయండీ,” అంది.

కొత్త కంప్యూటరుతో పాటు కొంటే ధర తగ్గిస్తారు. అందుకు బదులుగా ఆ హక్కు ఆ పెట్టెకే కట్టుబడి ఉండాలి. పెట్టె పాడైతే దానితోనే సరి, మరో పెట్టెలోకి మార్చకూడదు. మా రైల్వేలో రాయితీ టిక్కెట్టు ఇంకొకరికి ఇవ్వకూడదన్నట్టే. ఇక హోమ్ ఎడిషన్‌ను ఇంట్లోనే వాడాలన్న నిబంధనేమీ లేదు. పెద్ద ఆఫీసులకు కావలసిన కొన్ని సదుపాయాలు అందులో ఉండవు, అంతే.

సెంటరులోని ఎనిమిది పెట్టెలకూ ఎనిమిది స్టిక్కర్లున్నాయట, గోడవైపు. పార్సిల్‌ను తిప్పి చూడకుండా దొంగసరుకని రిపోర్టు రాసిన గుమాస్తాను నా సర్వీసులో ఒక్కణ్ణి చూశాను. అతణ్ణి నేనే సస్పెండ్ చేయించాను.

5. తప్పు దిద్దుకుందామని, రిపేర్లు చేసే అబ్రహాం గారి కొట్లోని స్టిక్కర్లు లేని పాత కంప్యూటర్లు అరువిప్పిస్తాను, నీ డిస్కు వాటిలో ఎక్కించుకో, ఎవరు చూడొచ్చారు అన్నాను. నజ్నీన్ టీ వడగడుతోంది.

“మొదట చూసినవారే చూస్తారండీ,” అంది. తర్వాత పంచదార సరిపోయిందా అని అడిగింది.

ఫిర్యాదును స్టేషన్లో ఆమెకు చదివి వినిపించారట. “సదరు యంత్రములయందు” అని రాసేవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే. చెయ్యి మార్చాను గాని భాష మార్చడం తోచలేదు. ఆమె ఈ సంగతి తన దగ్గర నేర్చుకునే పిల్లలకు చెప్పలేదు.

6. ఆ పిల్లల పరీక్ష ఈ నెలాఖరున, ఆ కంప్యూటర్ల మీదే జరగాలి. వారిలో బేబీరాణిది శ్రీపర్రు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేశాక తండ్రి పెద్దిరాజు పరాయి చెరువుల మీద కూలికి పోతున్నాడు. సర్టిఫికెట్ తెస్తే ఐసు ఫ్యాక్టరీలో బిల్లులు కొట్టే ఉద్యోగం ఇస్తామన్నారు. నెల దాటితే ఇంకొకరిని పెట్టుకుంటారు. నేను అర్జీలు బాగా రాస్తానని ఎవరో చెప్పగా, తాటాకు బుట్టలో కొరమేను పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

“ఆ పాపిష్టోడెవడో రాస్తేనే స్టేషను కదిలింది కదండీ. మీలాంటి పెద్దోరు రాస్తే కదలదేంటండీ?” అని అడిగింది.

పిల్లలందరి తరఫున అర్జీ రాసిచ్చాను. దీనికి జతపరిచాను. అందులో “ఓర్వలేనివాడు” అన్న మాట ఆమె చెప్పింది, నేను రాశాను. దిద్దవలసిన అవసరం కనిపించలేదు. చేప వద్దంటే అనుమానిస్తుందేమోనని తీసుకున్నాను. వండించాను. తినలేకపోయాను.

7. కావున తమరు ఆ పెట్టెలను ఒక్కసారి తిప్పి చూడవలసిందిగా మనవి. హైదరాబాదు నుంచి నిపుణుల నివేదిక రావాలంటే రానివ్వండి, ఈలోగా నా పూచీపై కంప్యూటర్లను ఆ పిల్లలకు ఇప్పించండి. తప్పుడు ఫిర్యాదుకు నాపై చర్య తీసుకోండి. వయసు కారణంగా మినహాయింపు కోరను, అది రాసిననాడూ నా వయసు ఇంతే.

ఈ రెండో అర్జీని చిత్తగించి, మొదటిదాన్ని చించివేయవలెనని వేడుకుంటూ,

రెండింటికీ బాధ్యుడైన తమ విధేయుడు,
వేమవరపు ప్రసాదరావు
(కుడిచేతి సంతకం)

తాజా కలం: ఈ కవరు తమకు తెచ్చి ఇచ్చేది బేబీరాణి. లోపల పిల్లల అర్జీ ఒక్కటే ఉందనుకుంటోంది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేక, కవరు అంటించకుండా ఇస్తున్నాను. సాయంత్రం బస్సులో శ్రీపర్రు తీసుకువెళ్లి పొద్దున్నే తమ ఆఫీసుకు తెస్తుంది. ఏది చేతికిచ్చినా చదవకుండా వదలదు. కనుక ఇది తమకు అందిందంటే, నేనెవరో తెలిశాక కూడా తెచ్చిందని గ్రహించి, ముందు ఆ పిల్లను కూర్చోమనండి.