మా ఊరావిడ

శ్రీకాకుళం,
ఆదివారం.

అప్పకి,

తమ్ముడు నూకరాజు నమస్కరించి రాస్తున్నది. మేమంతా బాగున్నాం. నువ్వూ పిల్లలూ బాగున్నారా? బావ నడుంనొప్పి తగ్గిందా? గాలి ఎక్కువున్న రోజుల్లో సముద్రం మీదికి వేటకి వెళ్లొద్దని నా మాటగా చెప్పు. ఫోను చెయ్యకుండా కాగితం మీద రాస్తున్నాడేమిటనుకోకు. ఫోనులో అయితే నువ్వు "ఏటయిందిరా?" అంటావు, నేను "ఏటీ లేదే" అనేస్తాను.

బట్టల కొట్లో పని బాగానే ఉంది, పగలంతా నీడపట్టునే. ఎండ మాత్రం చంపేస్తోంది. కొత్త ఇల్లూ బాగుంది గానీ, పై వాటాలో ఉండే ఓనరు గారు నీచు తినరు. మీవాళ్లు ఏం చేస్తారని అడిగితే వ్యవసాయమని చెప్పి ఇల్లు తీసుకున్నాను. రెండు నెలలుగా నీ మరదలు రోజూ పప్పే వండుతోంది.

పాప హాస్టలు సీటుకి ఈ ఊరి అడ్రసుతో రేషన్ కార్డు కావాలన్నారు. నెలాఖరులోగా ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. మా పేర్లేమో అమ్మ కార్డులో ఉన్నాయి. ఇక్కడి ఆఫీసులో, పాత ఊళ్లో పేర్లు తీయించుకు రమ్మన్నారు. అక్కడికెళ్తే, కొత్త ఊరివాళ్లు ఒప్పుకున్నట్టు కాగితం తెమ్మన్నారు. కరెంటు బిల్లు నా పేరున లేదని ఒకరోజు, ఫొటోలో చెవులు కనబడలేదని ఇంకోరోజు తిప్పారు. నా చెవులతో వాళ్లకేం పనే అప్పా! ఐదు రోజులు సెలవు పెట్టాక, కార్డున్న మనిషీ ఇంటి ఓనరూ ఒకేసారి వస్తే ఇక్కడే చేస్తామన్నారు. అందుకే మొన్న గురువారం అమ్మని రమ్మన్నాను.

అమ్మ ఎవరి గుమ్మానికీ వట్టి చేతులతో వెళ్లదు కదా. మన ఊరి ఆఫీసరు గారింటికి పట్టుకెళ్లినట్టే, నాలుగు చందువాలు బాదం ఆకుల్లో చుట్టి, బుట్టతో తిన్నగా ఆఫీసులోకి వచ్చేసింది. నేనూ ఓనరు గారూ వరసలో ఉన్నాం. అమ్మ గుమాస్తా బల్ల మీద చేపలు పెట్టి, "తెల్లారగట్ల పడ్డ సేపలు బాబూ, పిల్లలకి వండించండి" అంది.

నీళ్లు కారి కాగితాలు తడిశాయి. ఆయన లేచి గట్టిగా అరిచాడు. "లంచమా నాకు? ఇది ఆఫీసనుకున్నావా, చేపల బజారనుకున్నావా? ఎవరి తాలూకా ఈవిడ?"

అందరూ నవ్వారు. అమ్మ నా వైపు చూసింది. ఓనరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "మీకు తెలుసా?" అన్నారు.

"మా ఊరావిడండీ" అన్నాను.

ఈ నోటితోనే అన్నానప్పా. అమ్మ "అవును బాబూ, ఆ ఊరిదాన్నే. ఇటు పోతా పలకరిద్దామని వచ్చినాను" అంది. చేపలు బుట్టలో వేసుకుని వెళ్లిపోయింది. వేలిముద్ర వెయ్యాల్సిన మనిషి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. నా వంతు వచ్చాక మీ అమ్మ ఏదయ్యా అని గుమాస్తా అడిగితే, రాలేదండీ అన్నాను.

తర్వాత ఆర్టీసీ కాంప్లెక్సుకి పరుగెత్తాను. బస్సు వెళ్లిపోయింది. ఆ బుట్ట మోసి కదా నన్ను చదివించింది! ఇంటికొచ్చి నీతో ఏం చెప్పిందో నాకు తెలుసు. "ఆఫీసు మూసేసినారే" అనుంటుంది.

నిన్న ఓనరు గారితో ఆవిడ మా అమ్మేనని, మేం చేపలు పట్టేవాళ్లమని చెప్పేశాను. ఖాళీ చెయ్యమంటే చేస్తామన్నాను. ఆయన "సంతకానికి వస్తాను. ఇంటి సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఉండనిస్తారో లేదో తెలీదు.

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు, ఒక్క ముక్క కూడా దాచకు. వచ్చే శుక్రవారం రమ్మను. రానంటే బతిమాలకు, పాప సీటు పోయినా తప్పు నాదే. వస్తే మాత్రం బుట్ట తెమ్మను. బస్సు దిగేచోటే ఉంటాను. బుట్ట నా నెత్తిన పెట్టుకుని పక్కనే నడుస్తాను.

బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. అమ్మ కాళ్లు నా బదులు నువ్వు పట్టుకో.

ఇట్లు,
పోలమ్మ కొడుకు
నూకరాజు