తిరగెయ్యని చేప

శ్రీవారికి బిక్-లాన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, అమ్మాయీ కులాసా. మీరూ, పడవలో ఉన్నవాళ్ళందరూ కులాసాగా ఉన్నారని సముద్రాన్ని కాచే తిన్ హావ్ అమ్మవారి ముందు అగరొత్తులు వెలిగించి మరీ నమ్ముతున్నాను. పొద్దుటినుంచి గాలి మళ్ళీ లేచింది. ఒకచోట కూర్చోలేక వంటింటికీ కిటికీకీ మధ్య తిరుగుతూ రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తిట్టుకోకండి.

ముందు మీరడిగినవి. పైకప్పు కారడం ఆగింది. మీ తమ్ముడు పాత వలలు ఎండబెట్టి లోపల పెట్టాడు. నా మోకాలి నొప్పి నాతోనే కాపురం చేస్తోంది. "అమ్మాయి ఇంకా నా చొక్కా వాసనకి ముక్కు మూసుకుంటోందా" అని నవ్వులాటగా అడిగారే, దానికి జవాబు చివర్లో రాస్తాను.

మన సుట్-యీని చేసుకుంటానన్న వింగ్-హోంగ్ తల్లిదండ్రులు ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఫెర్రీలో నగరానికి వెళ్ళి, మేఘాల్లో ఉన్న హోటలొకటి ఎక్కాం. అక్కడ జపాన్ వంటకీ, థాయ్ వంటకీ, మన వంటకీ పెళ్ళి చేసి పెడతారట. పెళ్ళి ఘనమే గానీ పిల్లలే పీలగా పుట్టారు. గంగాళమంత పళ్ళెంలో ఒకే ఒక్క రొయ్య, దాని మీద మామిడిపండు నురగ. ఆకలితో వెళ్ళినదాన్ని ఆకలితోనే కూర్చున్నాను.

"అన్నయ్యగారు రాలేదేం వదినగారూ?" అని అడిగింది వింగ్-హోంగ్ తల్లి, లౌ గారి భార్య.

"ఓడల కంపెనీలో పనండీ, సెలవు దొరకలేదు" అంది సుట్-యీ నాకంటే ముందే.

చివర్లో నిమ్మగడ్డి వేసి ఆవిరి మీద ఉడికించిన చేప వచ్చింది. పైవైపు అయిపోగానే లౌ గారి భార్య వడ్డించే మనిషితో, "తిరగేసి అటువైపు కూడా వడ్డించు బాబూ" అంది. అతను చేప కింద గరిటెలు దూర్చాడు. అద్దాల కింద సముద్రం కనిపిస్తోంది. దాని మీదెక్కడో మీరున్నారు.

సుట్-యీ చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. "తిరగెయ్యకండి."

"చదువుకున్నదానివి, నీకూ ఈ చాదస్తాలేనా తల్లీ?" అంది లౌ గారి భార్య.

"మా నాన్న సముద్రం మీదున్నారండీ. ఓడల కంపెనీ కాదు, చేపల పడవ. ఆయన ఇంటికొచ్చేదాకా మేము చేప తిరగెయ్యం. తిరగేస్తే పడవ తిరగబడుతుందంటారు."

సుట్-యీ తను తినే పుల్లలతోనే చేప తల నుంచి తోక దాకా ముల్లు విరక్కుండా ఎత్తి పక్కన పెట్టి, అడుగు ముక్క ముందు ఆవిడ గిన్నెలోనే వేసింది. ఆవిడ తినడమైతే తిన్నది. వెళ్ళేటప్పుడు "కబురు చేస్తాం" అంది. ఇంతవరకు కబురు లేదు.

ఫెర్రీలో నేను ఊరుకోలేదు. "నోటిదాకా వచ్చిన సంబంధం చెడగొట్టుకున్నావే" అన్నాను.

"పోతే పోనీయమ్మా. సంబంధం ఇంకోటి వస్తుంది" అంది. ఆ తర్వాత ఏమనబోయిందో అనలేదు. ముఖం నీళ్ళవైపు తిప్పుకుంది.

ఇప్పుడు చెప్పక తప్పదు. ఆ ఓడల కంపెనీ మాట పిల్లది కాదు. వెళ్ళేటప్పుడు దారిలో నేనే నేర్పాను. అది వద్దంటున్నా ఒట్టు వేయించుకున్నాను. మిమ్మల్ని చూసి సిగ్గుపడింది నేను. కోపం వస్తే రానివ్వండి, వచ్చి నా ముందు నిలబడి తిట్టండి. ఐసు కోసం రేవుకు రాగానే ఒక్క ముక్క రాసి పడెయ్యండి, చాలు.

ఇక మీరడిగినదానికి జవాబు. గాలి లేచిన దగ్గర్నుంచి అమ్మాయి మేకుకున్న మీ చొక్కా తీసి తొడుక్కుని ఇల్లంతా తిరుగుతోంది. ఉతుకుతాను ఇమ్మంటే ఇవ్వడం లేదు.

ఇట్లు,
కిటికీని వదల్లేని
మీ భార్య
బిక్-లాన్