కలలో కనబడ్డ చేయి

మే 25, ఆదివారం

ఆరాధన అయ్యాక బ్రదర్ అనియెకాన్ నా హాట్‌బాక్స్ తిరిగిచ్చాడు. ఎప్పటిలాగే కడగలేదు. అడుగున బీన్స్ గింజల తొక్కలు ఎండి అట్టకట్టాయి. గోటితో గీకి కడిగాను. మొదటి ఏడాది నుంచీ గీకుతూనే ఉన్నాను. దీన్ని నేను పరిచర్య అనుకుంటాను. నా రూమ్మేట్ ఎబియెరె దీనికి వేరే పేరు పెట్టింది. అది ఇక్కడ రాయను.

ఇక్కడ మాత్రమే రాయగలిగింది ఇంకోటుంది. నేను అతన్ని ప్రేమిస్తున్నాను. మా కాలేజీ ఫెలోషిప్‌లో సిస్టర్ ఈ విషయంలో నోరు తెరవకూడదు. బ్రదర్ కూడా తనంతట తాను తెరవకూడదు. ముందు దేవుడు బ్రదర్‌తో మాట్లాడాలి, ఫలానా అమ్మాయి నీ భార్య అని. అతను వెళ్ళి డాడీకి చెప్పాలి. డాడీ అంటే మా ప్రెసిడెంటు గాడ్స్‌పవర్. మెకానికల్ ఫైనల్ ఇయర్, ఇంకా రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, గడ్డం సరిగ్గా రాలేదు, అయినా అందరికీ డాడీ. డాడీ ఆ పేరు తెచ్చి ప్రేయర్ సెక్రటరీకి ఇస్తాడు. సెక్రటరీ మూడు రోజులు ఉపవాసం ఉండి, నా హృదయంలో సమాధానం ఉంది, దేవుడు ఔనన్నాడు అంటే అప్పుడు అమ్మాయికి చెబుతారు. అమ్మాయి స్తోత్రం అనాలి.

ఆ ప్రేయర్ సెక్రటరీని నేనే. ఏదో ఒక రోజు డాడీ నన్ను దాటుకుని వేరే సిస్టర్ దగ్గరికి వెళ్తాడని, ఇటోరో అనే పేరు మీద ఇంకెవరో ఉపవాసం ఉంటారని కనిపెట్టుకుని ఉన్నాను. పరీక్షలు అయిపోయాయి. ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. ప్రభువా, నీకు కూడా టైమ్ అయిపోతోంది.

మే 28

మా ప్రాజెక్టు గైడు డాక్టర్ ఎటుక్ నా మూడో చాప్టర్ వెనక్కి ఇచ్చాడు. ప్రతి పేజీలోనూ ఎర్ర పెన్నుతో ఒకటే ప్రశ్న. ఆధారం ఏది? ఆధారం ఏది? మట్టి గురించి రాయమంటే ప్రసంగం రాశావేంటమ్మా, ప్రసంగాలకి ఆదివారం ఉంది కదా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మే 31, శనివారం

రేపటికి బీన్స్ నానబెట్టాను. పామాయిల్, ఎండు చేపలు తెచ్చాను. కిరసనాయిలు స్టవ్ మళ్ళీ భగ్గుమంది. ఈసారి తప్పించుకున్నాను. అతనికి మొదటిసారి వండిన రోజు తప్పించుకోలేకపోయాను. కుడి మణికట్టు మీద ఇప్పటికీ ఎర్రటి మచ్చ ఉంది, నాలుక చాపినట్టు. ఫెలోషిప్‌కి సిస్టర్లందరం పొడుగు చేతుల జాకెట్లే వేసుకుంటాం కాబట్టి ఎవరికీ కనబడదు.

జూన్ 1, ఆదివారం

డాడీ నా దగ్గరికే వచ్చాడు. అప్పుడే అర్థమై ఉండాల్సింది.

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, సంతోషవార్త, ప్రభువు బ్రదర్ అనియెకాన్‌తో మాట్లాడాడు అన్నాడు.  వెర్రిదాన్ని, ఆ ఒక్క క్షణం పద్ధతి కూడా మర్చిపోయాను. ఎవరు డాడీ అని అడిగితే సిస్టర్ ఎబియెరె అన్నాడు. నీ రూమ్మేటే కదా, నీకు ప్రార్థించడం ఇంకా తేలిక అన్నాడు.

స్తోత్రం అన్నాను. అప్పటికే హాట్‌బాక్స్ అనియెకాన్ చేతిలో పెట్టేశాను. అతను వాయించే కీబోర్డు పక్కన నేల మీద ఉంది, ఆకుపచ్చ మూతతో.

జూన్ 1, సాయంత్రం

ఎబియెరె అందంగా ఉంటుంది. సొప్రానో పాడుతుంది. నేను లాక్కొస్తే తప్ప ప్రార్థనకి రాదు. దేవుడికి ఆమె పేరు తెలుసని కూడా నేననుకోలేదు.

జూన్ 3

ఎబియెరెకి తెలిసిపోయింది. ఇక్కడ ఏదీ దాగదు. లోపలికి వస్తూనే పర్సు మంచం మీదకి గిరాటేసి, ఏమే, నన్ను ఎవరికో కట్టబెడుతున్నారటగా, నన్నొక్క మాట అడిగే పని లేదా అంది. దేవుడు అడిగాడు కదా అన్నాను. నన్ను అడగలేదే, వాణ్ణి అడిగాడు అంది. అతన్ని వాడు అనొద్దన్నాను. నిన్నా మాట అనిపించేది దేవుడు కాదులే అని నా మొహంలోకి చూసింది. నేను గిన్నెలు తోముతున్నట్టు నటించాను. తోమడానికి గిన్నెలే లేవు.

తర్వాత మంచం మీద కూలబడింది. నువ్వు సమాధానం ఉంది అన్నావంటే నా పని అయిపోయినట్టే అంది. యెనగోవాలో వాళ్ళమ్మ వెళ్ళే చర్చి కూడా మా ఫెలోషిప్ వాళ్ళదే. తను ఒప్పుకోకపోతే అక్కడి పాస్టర్ ఫోన్ చేస్తాడు. దేవుడి మాట అంటే మా అమ్మ నన్ను వీపున మోసుకొచ్చి మరీ ఇచ్చేస్తుంది, తెలుసా అంది. తనకి చదువయ్యాక అందరూ ఏడాది చేయాల్సిన యూత్ సర్వీసులో ఉత్తరాన సొకోటోకి పోస్టింగు పడాలట, ఒంటెల్ని చూడాలట. ఒంటెని చేసుకున్నా చేసుకుంటాను గానీ ఆ కీబోర్డుని చేసుకోను అంది. ఏడుస్తూనే అంది. కాదని చెప్పవే ఇటోరో, నీ కాళ్ళు పట్టుకుంటా అంది.

కాదని చెప్పడం నాకెంత తేలికో దానికి తెలియదు. అందుకే చెప్పలేను. దేవుడి పేరు పెట్టి నా ఆశ నేను తీర్చుకున్నట్టు అవుతుంది.

జూన్ 4

ఉపవాసం మొదలు. ఆకలి.

జూన్ 5

బ్రదర్ అనియెకాన్ వచ్చాడు. హాస్టల్ బయట బెంచీ మీద కూర్చున్నాం. హాట్‌బాక్స్ తేలేదు. రూములో ఉండిపోయింది సిస్టర్, మళ్ళీసారి తెస్తా అన్నాడు. బీన్స్ బాగున్నాయా అని అడిగాను. ఏ బీన్స్ అన్నాడు.

నాకు ప్రార్థన భారం తేలిక చేయడానికి తనకి వచ్చిన కల చెప్పడానికి వచ్చాడట. కలలో చీకటి గదిలో కూర్చున్నాడు. ఆకలిగా ఉంది. తలుపు సందులోంచి ఒక చేయి వచ్చింది. చేయి మాత్రమే, మొహం లేదు. చేతిలో ఆకుపచ్చ మూత ఉన్న హాట్‌బాక్స్. ఇదిగో నీకు నేనిస్తున్న సహాయం అని స్వరం వినబడింది. చేతి మణికట్టు మీద నిప్పు, నాలుకలాంటి నిప్పు. అది పరిశుద్ధాత్మ అగ్ని సిస్టర్ అన్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి అతనికి.

మొహం కనబడకపోతే ఎబియెరె అని ఎలా తెలిసింది బ్రదర్ అని అడిగాను. ఆత్మలో తెలిసింది అన్నాడు. మరి హాట్‌బాక్స్? హాట్‌బాక్స్ అంటే నీ పరిచర్య సిస్టర్, నీ ప్రార్థన ద్వారానే ఆమె నాకు దొరుకుతుందని అర్థం అన్నాడు. ఎంత చక్కగా అమర్చుకున్నాడో.

అతను మాట్లాడుతున్నంతసేపూ నా కుడి చేయి ఒళ్ళో ఉంది. జాకెట్టు చేతిని వేళ్ళ దాకా లాక్కుని కూర్చున్నాను. ఎందుకు దాచుకున్నానో తెలియదు. భయమేసింది. నేను ఇన్నేళ్ళు ఎవర్ని అడిగానో ఆయన ఒక్కసారిగా జవాబిస్తే భయం కాక ఏమేస్తుంది?

జూన్ 6

సంతోషంగా ఉంది. రాయకూడదు గానీ రాస్తున్నాను. ఆకలి తెలియడం లేదు. నువ్వు విన్నావు. నా పేరు నీకు తెలుసు. నా చేయి తెలుసు.

జూన్ 7, శనివారం

ఎబియెరె గేటు దగ్గర వేడి వేడి అకారా వడలు, జావ కొనుక్కొచ్చి ఉపవాసం విరిపించింది. తింటూ దానికి అంతా చెప్పేశాను. కల, చేయి, మచ్చ. చెప్పాల్సిన అవసరం లేనిది కూడా చెప్పాను. ఆ ముక్క హాస్టల్లో పిల్లులకి కూడా తెలుసే, వాడికి తప్ప అంది. తర్వాత నా చేయి పట్టుకుని మచ్చని చూసి, పగలబడి నవ్వి, నవ్వాపేసి, ఇటోరో, రేపు జాకెట్టు చేయి పైకి లాగు, అంతే, నువ్వేం మాట్లాడక్కర్లేదు అంది. నాకు విడుదల, నీకు మొగుడు. అతను సంతోషిస్తాడా అని అడిగాను. దేవుడు చూపించాక సంతోషించక చస్తాడా అంది.

ఈ పిల్లకి ఇంత విశ్వాసం ఎక్కణ్ణించి వచ్చిందో.

జూన్ 8, ఆదివారం

ఆరాధన అయ్యాక కూర్చున్నాం. డాడీ, సిస్టర్స్ లీడర్ ఎమెం, అనియెకాన్, నేను. ఎమెంని మమ్మీ అంటాం, నాకంటే ఏడాది చిన్నది. ఎబియెరె బయట వరండాలో పచార్లు చేస్తోంది.

సమాధానం ఉందా సిస్టర్ అని డాడీ అడిగాడు. బ్రదర్‌ని కల ఇంకోసారి చెప్పమనండి అన్నాను. చెప్పాడు. ఈసారి వెలుగు, పావురం కూడా కలిశాయి. నిప్పు దగ్గరికి రాగానే నేను చేయి పైకి లాగి బల్ల మీద పెట్టాను.

పాపం ఎమెం, అయ్యో దేవుడా అంది.  అతను నా చేయి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ చేతిలోంచే కదా తీసుకుంటున్నాడు, ఎప్పుడూ చూసినట్టు లేడు. తర్వాత నా మొహం చూశాడు. చూసిన వెంటనే, పొయ్యి మీద గిన్నె తెలియక ముట్టుకున్నవాడిలా వెనక్కి జరిగాడు.

అయితే ఆ కల దేవుడిది కాదు అన్నాడు.

అంతే అన్నాడు. డాడీ గట్టిగా ఆమెన్ అన్నాడు. సాతాను కూడా కలలు ఇస్తాడు, బ్రదర్ బయటపడ్డాడు, ప్రభువుకి స్తోత్రం అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఈ కాలిన మచ్చ ఎప్పటిది సిస్టర్, ఈ వారందా అని మెల్లగా అడిగాడు. నేనే కాల్చుకున్నాననుకున్నాడు! మొదటి ఏడాదిది డాడీ, బీన్స్ వండుతుంటే అన్నాను.  ఎవరికి వండుతుంటే అన్నది ఎవరూ అడగలేదు.

ఆ కలని యేసు నామంలో వెళ్ళగొట్టారు. ముగింపు ప్రార్థన అలవాటుకొద్దీ నన్నే చేయమన్నారు. చేశాను. బాగా చేశాను కూడా.

జూన్ 8, సాయంత్రం

ఎబియెరె పెళ్ళి తప్పిందని గదిలో గెంతింది. నా మొహం చూసి ఆగిపోయింది. నా పక్కన కూర్చుంది. నన్ను గోతిలోంచి లాగి నువ్వు పడ్డావు కదే అంది. వాడు గుడ్డివాడే ఇటోరో అంది. కాదు. గుడ్డివాడైతే బాగుండేది. చూశాకే వద్దన్నాడు.

జూన్ 9

ఇన్నేళ్ళకి ఒక్కసారి మాట్లాడావు. ఎవరికైనా అర్థమయ్యేట్టు మాట్లాడావు. అయినా అది నీ మాట కాదన్నారు. నన్ను చేసుకోవడం కంటే నిన్ను సాతాను అనడం అతనికి తేలికైంది. నువ్వేం చేశావు? ఊరుకున్నావు. నేనూ ఊరుకున్నాను.

కోపం నీ మీదా, అతని మీదా, తెలియడం లేదు. ఇప్పుడు అతను వచ్చి క్షమించు అంటే? పొద్దున్నుంచీ తలుపు వైపే చూస్తున్నాను. సిగ్గు లేదు నాకు.

జూన్ 12

ఎమెం వచ్చింది. సిస్టర్, నువ్వు బాగా అలిసిపోయావు, నీకు కొంచెం విశ్రాంతి కావాలని డాడీ అంటున్నారు అంది. ప్రేయర్ సెక్రటరీ పదవి సెకండ్ ఇయర్ పిల్లకి ఇచ్చారు. విశ్రాంతి దేనికి మమ్మీ, మెలకువగా ఉన్నందుకా అని అడిగాను. తల దించుకుంది. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి, నాకు కూడా అది దేవుడి కలే అనిపించింది అంది. మరి అక్కడ అనలేదే అంటే, డాడీ ఆమెన్ అనేశారు కదా అంది.

జూన్ 15, ఆదివారం

వెళ్ళలేదు.

జూన్ 20

ప్రాజెక్టు డిఫెన్స్. డాక్టర్ ఎటుక్ ముందు వరసలో కూర్చున్నాడు. ఈ మట్టిలో ఆమ్ల గుణం ఎక్కువని నీకెలా తెలుసు అన్నాడు. కొలిచాను సార్ అన్నాను. ఎన్ని చోట్ల? తవ్విన ప్రతి చోటా సార్. తల ఊపి, బాగుంది, కూర్చోమ్మా అన్నాడు.

అంతే. ఉన్నది చూపించాను, నమ్మారు. ఎవరూ ఇంకెవరి మొహమూ చూడలేదు. బయటికొచ్చి ల్యాబ్ వెనక సింకు దగ్గర ఏడ్చాను. ఎబియెరె మాల్ట్ డ్రింకు సీసాతో వచ్చి, పాసైనవాళ్ళు ఏడవరే మొద్దూ అంది.

జూలై 4

సైన్ అవుట్, చదువు అయిపోయిందని చేసుకునే పండగ. అందరం తెల్ల చొక్కాలు వేసుకుని ఒకరి మీద ఒకరు మార్కర్లతో రాసుకున్నాం. ఫెలోషిప్ వాళ్ళు నన్ను చూసి నవ్వి పక్కకి తప్పుకున్నారు. నా చొక్కా తెల్లగా మిగిలిపోతుందేమోనని ఎబియెరె వీపంతా నిండేలా రాసింది, ఒంటె బొమ్మ కూడా వేసింది. కుడి చేతి మీద మణికట్టు దాకా పెద్ద బాణం గీసి ఇక్కడ చూడండి అని రాసింది. ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం.

అప్పుడు అతను వచ్చాడు. రాయనా సిస్టర్ అన్నాడు. వద్దనలేదు. వెనక్కి తిరిగి నిలబడ్డాను. రాస్తున్నంతసేపూ అతని అరచేతి అంచు నా భుజానికి ఆనింది. ఊపిరి బిగబట్టాను. ఎంత వెర్రిదాన్ని! వెళ్ళాక ఎబియెరె చదివి పెట్టింది. ప్రభువు చిత్తంలో నిలిచి ఉండు.

బాణం అతనికి కనబడే ఉంటుంది.

జూలై 10

ఎబియెరె వెళ్ళిపోయింది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, చర్చి మానెయ్, దేవుణ్ణి మానకు, ఆయనకి ఇప్పుడు నువ్వు తప్ప దిక్కులేదు అని అరిచింది. బస్సులో అందరూ తిరిగి చూశారు.

గదిలోకి వచ్చి మోకరించాను. ఏమీ అడగలేదు. ఆయన కూడా ఏమీ అనలేదు. కాసేపు అలాగే ఉన్నాం.

జూలై 13, ఆదివారం

హాట్‌బాక్స్ తిరిగొచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళిపోయాడట. మూత తీసి చూశాను. కడిగి పంపాడు.