రొట్టె అంచులు

అమ్మా, ఈ ఇంటి వంటపనిలో నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. మా మిల్లు సేఠ్ మెహెర్వాన్‌జీ గారు పోయి నెల దాటింది. సంపాదనంతా పేదల ఆసుపత్రికి పోసిన మనిషి. మన పార్సీల ఆనవాయితీ ప్రకారం శవానికి కుక్కచూపు పడాలని, ఆయన పెంచిన కుక్క మోతీని దగ్గరికి తెస్తే, అది మొహం తిప్పుకుని, వరండాలో ఆయన ఖాళీ కుర్చీకేసి తోక ఊపింది. "ముసలిది, దానికి కళ్ళు కనబడి చస్తేనా!" అని కొడుకు ఫరేదూన్ వేరే కుక్కని తెప్పించాడు. అదీ కుర్చీ దగ్గరికే పోయింది. కుక్క చూడనిదే మనిషి పోయినట్టు కాదంటారు కదా మనవాళ్ళు!

నాన్న దగ్గు తగ్గిందా? సిర్కా సీసా ఎవరిచేతైనా పంపించు, పచ్చడిలో పులుపుకి కావాలి.

మోతీకి పళ్ళు లేవని సేఠ్ గారు రొట్టె అంచులు ఒలిచి పెట్టేవారు. నాకంత తీరికేదీ, అలాగే పడేస్తున్నాను. అయినా పొద్దున్నే ఆ కుర్చీ పక్కన ఒలిచిన అంచులు ఒద్దికగా పేర్చి ఉంటున్నాయి.

నిన్న ఫరేదూన్ ఆసుపత్రి మూసేస్తానన్నాడు. ఇవాళ అంచులు అతని తలగడ పక్కన ఉన్నాయి. "గుల్‌బాయీ, ఎవరు పెట్టారివి?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నేను పరిగెత్తుకెళ్ళి చూస్తే, మోతీ అతని మంచం పక్క ఖాళీ చోటుకేసి తోక ఊపుతోంది.

నాన్నని వైద్యానికి తీసుకురా. ఆసుపత్రి మూతపడదు.

అందరికీ నా దండాలు.
నీ గుల్‌బాయి