ఐర్లాండు పబ్బులకు పోతున్నాం, అవ్వా

అవ్వా,

ఐర్లాండులో చదువుతున్న నా బిడ్డ, నీ మునిమనవరాలు, నన్ను రమ్మంది. ఒకరోజు అక్కడి పల్లెలన్నీ తిరుగుతూ, దారిలో పాతకాలపు పబ్బుల్లో ఆగుదామట. కామారెడ్డిలో పాఠాలు చెప్పుకునే నేను పబ్బులో ఎలా కూర్చోవాలని జంకాను.

"కల్లు దుకాణం నడిపిన అవ్వ మనుమరాలివి, నీకు గీ సిగ్గేందమ్మా!" అని ఫోన్లో నవ్వింది.

నిజమే. ఎల్లారెడ్డిలో అంతమంది మగవాళ్ల నడుమ నువ్వు దర్జాగా కల్లు పోసేదానివి. మొదటి చుక్కలు నేలమీద సాక పోయకుండా ఎవరైనా తాగబోతే, "ముందుగాల ఎల్లమ్మకు పొయ్యిరా!" అని గద్దించేదానివి.

ఇప్పటికీ కాస్త బెరుకే. అయినా వెళ్తున్నాను. మొదటి పబ్బులో గ్లాసు తీసుకుని వాకిట్లోకి వచ్చి, మట్టిలో నీకు సాక పోస్తాను. ఎవరికని అడిగితే, "మా అవ్వకు. ఆమెకూ దుకాణం ఉండేది" అంటాను.

నీ మనుమరాలు